రాసిన జవాబు నిలబడాలి

గుంటూరు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్ను బ్రాంచి నుంచి తీసి కాంప్లయన్స్ విభాగంలో వేశారని మీ నాన్న చెప్పాడు. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆ అసంతృప్తి నీ గొంతులోనే తెలిసింది. నీతో చేరినవాళ్లు క్రెడిట్‌కీ, ట్రెజరీకీ వెళ్తుంటే నిన్ను మాత్రం కాగితాల మధ్య కూర్చోబెట్టారని నీ బాధ. ఆ మాట మీదే ఇంకొకటి కూడా అన్నావు. "రిజర్వు బ్యాంకు వేసే జరిమానా కోటో రెండు కోట్లో ఉంటుంది పెదనాన్నా. మా బ్యాంకుకు అదొక లెక్కా? దానికోసం ఇంతమందిమి ఇన్ని ఫైళ్లు నింపాలా?" అన్నావు. అది ఫోన్‌లో ముక్తసరిగా చెప్పే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. నీకు పైవాళ్లు చెప్పే పద్ధతి వేరు, ముప్పై ఏళ్లకు పైగా బ్రాంచిల్లోనూ ఇన్‌స్పెక్షన్‌లోనూ తిరిగిన నేను చెప్పే పద్ధతి వేరు. తీరికగా చదువు.

జరిమానా చిన్నదన్న నీ మాట నిజమే. 2024-25లో రిజర్వు బ్యాంకు 353 జరిమానాలు వేస్తే అన్నీ కలిపి 54.78 కోట్ల రూపాయలు అయ్యాయి. పెద్ద బ్యాంకుల లాభాల పక్కన పెడితే అది కంటికి ఆనదు. చట్టమే అలా ఉంది. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 47ఎ సెక్షన్ కింద ఒక్కో ఉల్లంఘనకు కోటి రూపాయలు, లేదా అందులో ఇమిడిన సొమ్ము లెక్కకు అందితే దానికి రెట్టింపు, ఏది ఎక్కువైతే అంతవరకు వేయొచ్చు. తప్పు కొనసాగుతుంటే రోజుకు మరో లక్ష దాకా. కానీ రిజర్వు బ్యాంకు చేతిలో ఉన్నవాటిలో జరిమానాయే అన్నిటికన్నా తేలిక. అసలు బరువంతా అదే చట్టంలోని 35ఎ సెక్షన్‌లో ఉంది. ఫలానా పని ఆపెయ్యమని బ్యాంకును ఆదేశించే అధికారం అది.

2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకు ఆ దెబ్బ తగిలింది. రెండేళ్లుగా ఆన్‌లైన్ సేవలు పదేపదే ఆగిపోతున్నాయి. ఆ నవంబరులో డేటా సెంటర్‌లో కరెంటు పోయి మళ్లీ ఆగాయి. కొత్త డిజిటల్ సేవలు పెట్టొద్దు, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వొద్దు అని ఆదేశం వచ్చింది. కార్డులకు 2021 ఆగస్టులో మళ్లీ అనుమతి దొరికింది. మిగతా ఆంక్షలన్నీ పూర్తిగా తొలగేసరికి 2022 మార్చి వచ్చింది. దేశంలోకెల్లా ఎక్కువ కార్డులిచ్చే బ్యాంకు ఎనిమిది నెలలు ఒక్క కొత్త కార్డు ఇవ్వలేకపోయిందంటే, ఆ నష్టం ముందు కోటి రూపాయల జరిమానా ఏపాటిది?

2024 ఏప్రిల్ 24న కోటక్ మహీంద్రా బ్యాంకుకు వచ్చిన ఆదేశాన్ని మాత్రం నువ్వు మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆన్‌లైన్‌లో, మొబైల్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దనీ, కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వొద్దనీ అందులో ఉంది. మర్నాడు ఆ బ్యాంకు షేరు పది శాతానికి పైగా పడిపోయింది. ఆంక్షలు తీసేసింది 2025 ఫిబ్రవరిలో. నువ్వు చూడాల్సింది ఆ నిషేధానికి రిజర్వు బ్యాంకు చెప్పిన కారణాన్ని. 2022లోనూ 2023లోనూ వాళ్ల ఐటీ వ్యవస్థను పరీక్షించి లోపాలు చూపించామనీ, సరిదిద్దుకోమని ప్రణాళిక ఇచ్చామనీ, దానికి బ్యాంకు పంపిన జవాబుల్లో కొన్ని చాలనివి, కొన్ని తప్పులు, కొన్ని కొన్నాళ్లకే నిలవనివి అని తేలిందనీ రాశారు.

ఈ ఉత్తరం రాయడానికి కారణమే అది తల్లీ. లోపం లేని బ్యాంకు లేదు. లోపం దొరికిన రోజున ఏ నియంత్రణ సంస్థా తలుపులు మూయించదు. తనిఖీ నివేదిక ఇస్తుంది, జవాబు అడుగుతుంది, గడువు ఇస్తుంది, మళ్లీ వచ్చి చూస్తుంది. అప్పుడు కూడా అదే లోపం కనిపిస్తే, సరిచేశాం అని మన సంతకంతో ఉన్న కాగితం వాళ్ల చేతిలో ఉంటే, అక్కడి నుంచి వ్యవహారం మారిపోతుంది. అప్పటిదాకా అది పొరపాటు. ఆ తర్వాత అది అబద్ధం. ఆ కాగితం తయారుచేసే కుర్చీలో ఇప్పుడు నువ్వు కూర్చున్నావు.

పేటీఎం పేమెంట్స్ బ్యాంకు సంగతి చూడు. కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని 2022 మార్చిలోనే చెప్పారు. బయటి ఆడిటర్లతో వ్యవస్థ మొత్తాన్ని తనిఖీ చేయించుకోమన్నారు. 2023 అక్టోబరులో కేవైసీ, ఇతర లోపాలకు 5.39 కోట్ల జరిమానా వేశారు. 2024 జనవరి 31న డిపాజిట్లు, వాలెట్ టాపప్‌లు ఆపమన్నారు. అందుకు ఇచ్చిన గడువును తర్వాత మార్చి 15 దాకా పొడిగించారు. దాదాపు రెండేళ్లు, ఒక్కో మెట్టు. చివరి మెట్టు మీద ఆ బ్యాంకు యజమానులు ఒక్కరే లేరు. క్యూఆర్ స్టిక్కరు అంటించుకుని రోజు అమ్మకం ఆ ఖాతాలోకే తెచ్చుకుంటున్న కిరాణా కొట్టువాడూ, టిఫిన్ బండివాడూ ఉన్నారు. వాళ్లు ఏ నిబంధననూ తప్పలేదు.

ఇక పంజాబ్ నేషనల్ బ్యాంకు. ముంబయిలో బ్రాడీ హౌస్ శాఖ. అక్కడ కొందరు ఉద్యోగులు వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ కంపెనీలకు లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్‌లు, అంటే బ్యాంకు పూచీ పత్రాలు, ఇచ్చి, బ్యాంకుల మధ్య సందేశాలు నడిచే స్విఫ్ట్ ద్వారా విదేశీ బ్యాంకులకు కబురు పంపారు. అవి కోర్ బ్యాంకింగ్‌లో ఎక్కలేదు, ఎందుకంటే రెండు వ్యవస్థలకూ లింకు లేదు. సందేశం బయటికి పోయింది, అప్పు పుట్టింది, బ్యాంకు పుస్తకాల్లో మాత్రం ఏమీ లేదు. 2018 ఫిబ్రవరిలో బయటపడేనాటికి 11,400 కోట్లన్నారు, తర్వాత అది 13 వేల కోట్లు దాటింది. స్విఫ్ట్ దుర్వినియోగం కావచ్చని 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను గోప్యంగా హెచ్చరించామని రిజర్వు బ్యాంకు అప్పుడు చెప్పింది. ఆ హెచ్చరిక ప్రతి బ్యాంకులోనూ నీలాంటి ఒకరి టేబుల్ మీదికి వచ్చే ఉంటుంది. 2019లో ఆ బ్యాంకుకు స్విఫ్ట్ నియమాల ఉల్లంఘనకు పడిన జరిమానా రెండు కోట్లు. రెండు కోట్లు, 13 వేల కోట్లు. ఈ రెండంకెలూ పక్కపక్కన రాసుకో. జరిమానా అంకెతో తప్పు బరువు తూచకూడదని వాటిని చూస్తే నీకే అర్థమవుతుంది. ఇంకొకటి, ఆ ఏడాది మొదట్లో అదే విషయం మీద మొత్తం 36 బ్యాంకులకు 71 కోట్ల జరిమానాలు పడ్డాయి. అంత పెద్ద దోపిడీ పత్రికల్లో మారుమోగాక కూడా 36 బ్యాంకులు దారిలోకి రాలేదన్నమాట. అది నన్ను చాలా బాధపెట్టింది.

ఇవి దూరపు సంగతులనుకోకు. మన సికింద్రాబాద్‌లోనే గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు ఉండేది. 1994లో మొదలై, ప్రైవేటు బ్యాంకంటే ఇలా ఉండాలి అనిపించుకుంది. షేర్ మార్కెట్ వాళ్లకు విచ్చలవిడిగా అప్పులిచ్చింది. 2001లో కేతన్ పారేఖ్ షేర్ల కుంభకోణంతో ఆ అప్పులు మునిగాయి. బ్యాంకు తన లెక్కల్లో లాభం చూపించింది. రిజర్వు బ్యాంకు తనిఖీలో చూస్తే నికర విలువ సున్నాకంటే కిందికి పోయింది. 2004 జులై 24, శనివారం మారటోరియం పడింది. ఖాతాకు పదివేలకు మించి తీయడానికి లేదు. జులై నెల, స్కూలు ఫీజుల రోజులు. ఆ సోమవారం మా బ్రాంచిలో క్లియరింగ్‌కు వేసుకున్న చెక్కుల్లో ఆ బ్యాంకువి ఉన్నవాళ్లందరూ కౌంటర్ల దగ్గర గుమిగూడారు. ఇంటద్దె చెక్కులు, ఫీజు చెక్కులు, ఒక చిన్న ప్రెస్ యజమాని తన పనివాళ్ల జీతాలకు నమ్ముకున్న చెక్కు. మా ఖాతాదారులే, మా బ్యాంకు ఏ తప్పూ చేయలేదు, అయినా వాళ్లకు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ఆ రోజే ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం ప్రకటించారు కాబట్టి డిపాజిటర్లు బతికిపోయారు. ఆగస్టు 14 నుంచి విలీనం అమల్లోకి వచ్చింది. షేర్లు కొన్నవాళ్లకు మాత్రం చిల్లిగవ్వ రాలేదు.

అంతకు మూడేళ్ల ముందే, 2001లో, హైదరాబాద్‌లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కుప్పకూలింది. తర్వాత ప్రుడెన్షియల్, చార్మినార్ సహకార బ్యాంకులు. అవి విలీనాలతో తేలిన కథలు కావు. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయలే. రిటైరయ్యాక వచ్చిన సొమ్మంతా అర శాతం వడ్డీ ఎక్కువని అక్కడ వేసుకున్న మేష్టార్లను నేనెరుగుదును.

2019 సెప్టెంబరులో ముంబయి పీఎంసీ బ్యాంకు విషయంలో అదే జరిగింది. మొత్తం అప్పుల్లో డెబ్భై శాతం పైగా హెచ్‌డీఐఎల్ అనే ఒక్క రియల్ ఎస్టేట్ గ్రూపుకే ఇచ్చి, అది కనపడకుండా 21 వేలకు పైగా దొంగ ఖాతాలు సృష్టించారు. ఆంక్షలు పెట్టిన రోజున ఆరు నెలలకు వెయ్యి రూపాయలే తీసుకోవచ్చన్నారు. తర్వాత పదివేలు, పాతికవేలు, నలభైవేలు అంటూ పెంచుతూ పోయారు. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఆ విషయంలో రిజర్వు బ్యాంకు కూడా జవాబుదారీయే. ఏటా తనిఖీలు జరిగే బ్యాంకులో ఇన్ని వేల దొంగ ఖాతాలు ఇన్నేళ్లు పట్టుబడకపోవడం చిన్న వైఫల్యం కాదు. పైగా పాలకవర్గం చేసిన తప్పుకు మొదటి శిక్ష డిపాజిటర్ అనుభవించాడు. ఆ బ్యాంకును 2022 జనవరిలో యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపినప్పుడు కూడా, బీమా పరిధి దాటిన పెద్ద మొత్తాలున్నవాళ్లు పదేళ్ల దాకా ఆగాల్సిన పథకమే వచ్చింది. 2020 ఫిబ్రవరిలో బీమాను అయిదు లక్షలకు పెంచడం, 2021లో చట్టం సవరించి ఆంక్షలు పడిన తొంభై రోజుల్లో బీమా సొమ్ము చేతికందేలా చేయడం, ఇవి ఆ ఏడుపుల్లోంచి వచ్చిన మార్పులే. నియంత్రణ సంస్థ ఆలస్యంగా మేలుకున్నా భరించగలిగేది బ్యాంకు లోపల ఎవరో ఒకరు మేలుకుని ఉంటేనే.

సరే, నీ పని సంగతికి వస్తాను.

నీ దగ్గరికి బ్రాంచిల నుంచి 'రెక్టిఫైడ్' అని సర్టిఫికెట్లు వస్తాయి. వాటిని ఒకచోట పేర్చి పైకి పంపడమే కాంప్లయన్స్ అని నీకు చెప్పేవాళ్లు ఉంటారు. నువ్వు అలా చెయ్యకు. పది సర్టిఫికెట్లలో రెండయినా నీ కళ్లతో చూడు. ఉదాహరణకు బంగారం అప్పులు. మన వైపు బ్రాంచిల్లో సగం వ్యాపారం అదే కదా. 2024 మార్చిలో ఐఐఎఫ్ఎల్ ఫైనాన్స్‌ను కొత్త బంగారం అప్పులు ఇవ్వొద్దని ఆపారు. అది బ్యాంకు కాదు, అయినా అక్కడ దొరికిన లోపాలు ఏ బ్రాంచిలోనైనా దొరికేవే. అప్పు ఇచ్చేటప్పుడు ఒక బరువు, నాణ్యత, వేలం వేసేటప్పుడు ఇంకొకటి. పరిమితి దాటి నగదు చెల్లింపులు. వేలం పద్ధతి పాటించకపోవడం. ఆరు నెలలకు పైగా వాళ్ల కొత్త బంగారం అప్పులు నిలిచిపోయాయి.

నువ్వు బ్రాంచికి వెళ్లినప్పుడు జాయింట్ కస్టోడియన్లు ఇద్దరినీ పిలిచి, లాకర్‌లోంచి నీకు తోచిన నాలుగు ప్యాకెట్లు తీయించు. వాళ్లు తీసిచ్చినవి వద్దు, నంబర్లు నువ్వు చెప్పు. సీలు చూసి విప్పించి, అప్రైజర్ చీటీ పక్కన పెట్టుకో. నల్లపూసల గొలుసుంటే పూసల బరువు మినహాయించారా? జుంకాల్లో రాళ్ల బరువు తీశారా, లేక ఉజ్జాయింపుగా రాశారా? బోలు గాజుల్లో లక్క ఉందా? మొత్తం బరువు, నికర బరువు రెండూ ఒకే అంకె ఉన్న రాళ్లనగ కనపడిందంటే ఆ అప్రైజర్ ఇచ్చిన చీటీలన్నీ మళ్లీ చూడాల్సిందే. తర్వాత ఖాతా తెరిచి చూడు. ఒకే రోజు పాత అప్పు మూసి, అదే నగ మీద ఎక్కువ మొత్తానికి కొత్త అప్పు తెరిచి ఉంటే, వడ్డీ ఎక్కడి నుంచి వచ్చిందో అడుగు. కొత్త అప్పులోంచే పాత వడ్డీ కట్టించుకుని వసూలైనట్టు రాసుకోవడం మార్చి నెలాఖరున ఎన్ని చోట్ల చూశానో. అప్పు తీరాక నగ ఎన్నాళ్లకు తిరిగిచ్చారో కూడా చూడు. కొత్త నిబంధనల ప్రకారం ఏడు పనిదినాలు దాటి, ఆలస్యం మన వల్లే అయితే, రోజుకు అయిదువేల చొప్పున ఆ పార్టీకి కట్టాలి. తాకట్టులో ఉన్నది ఒక ఇల్లాలి మెడలో నగ. దాన్ని తూకం దగ్గర మోసం జరగకుండా, గడువు దాటకుండా ఆమెకు చేర్చేది నువ్వు చిరాకుపడిన ఆ కాగితాలే.

నగదు కూడా అంతే. ముంబయిలో న్యూ ఇండియా కోఆపరేటివ్ బ్యాంకు మీద 2025 ఫిబ్రవరిలో ఆంక్షలు పడ్డాయి. ఖజానాలో ఉండాల్సిన 122 కోట్ల నగదు లేదని అప్పుడు పోలీసు కేసయింది. పుస్తకంలో ఉన్న నగదు పెట్టెలో ఉందా లేదా అన్నది బ్యాంకింగ్‌లో ఓనమాలు. ఎవరూ లెక్కపెట్టకుండా సంతకాలు పెడుతూ పోతే తప్ప అంత సొమ్ము పోదు. నువ్వు సంతకం పెట్టే ఏ కాగితంలోనైనా 'సరిచూశాం' అని ఉంటే, ఎవరు, ఏ రోజు, ఏం సరిచూశారో అడిగి రాయించు.

బ్రాంచివాళ్లతో పోలీసులా మాట్లాడకు. నెలాఖరున బీమా పాలసీలకూ కార్డులకూ టార్గెట్లు పెట్టి వాళ్ల ప్రాణాలు తోడేస్తారు, నువ్వూ ఆ కష్టం పడ్డావు. అమెరికాలో వెల్స్ ఫార్గోలో ఆ టార్గెట్ల ఒత్తిడికే ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. 2018లో ఫెడరల్ రిజర్వు ఆ బ్యాంకు ఆస్తులు పెరగకూడదని గీత గీసింది. ఆ గీత చెరపడానికి 2025 జూన్ వచ్చింది. హైదరాబాద్‌లో వాళ్ల ఆఫీసులో మనవాళ్ల పిల్లలు ఎంతోమంది పనిచేస్తున్నారు, అడిగితే ఆ ఏళ్ల గురించి చెబుతారు. కాబట్టి ఒకే రకం తప్పు పది బ్రాంచిల్లో కనిపిస్తే ఆ పదిమంది క్లర్కులను పట్టుకోకు. ఆ టార్గెట్ ఎవరు పెట్టారో పైకి రాయి. అది రాయడానికి ధైర్యం కావాలి. నీకుందని నాకు తెలుసు.

ఒకరోజు నిన్ను ఎవరో పెద్దాయన పిలిచి, ఇది క్లోజ్ అయిందని రాసెయ్యమ్మా, వచ్చే నెల ఎలాగూ అవుతుంది అంటాడు. గొడవ పడొద్దు. వినయంగానే, 'సార్, పని జరుగుతోంది, ఫలానా తేదీకి అవుతుందని రాస్తాను' అను. అయినా కాదంటే అదే మాట మెయిల్‌లో పెట్టి ఆయన జవాబు అడుగు. నోటితో చెప్పింది రాతలో చెప్పడానికి ఎవరూ ఇష్టపడరు, చాలాసార్లు విషయం అక్కడితో ఆగుతుంది. గడువు కావాలని నిజాయితీగా అడిగినందుకు రిజర్వు బ్యాంకు మండిపడటం నేనెక్కడా చూడలేదు.

అనుమానాస్పద లావాదేవీల నివేదికల గురించి ఒక్కటే మాట. నివేదిక పంపామని ఆ ఖాతాదారుకు ఏ రూపంలోనూ తెలియకూడదు. బ్రాంచి మేనేజరు ఎంత ఆప్తుడైనా కబుర్లలో కూడా చెప్పకు.

రేపు జరిమానా పడి మీ బ్యాంకు పేరు పేపర్లో వచ్చి ఖాతాదారులు కంగారుగా వస్తే, రిజర్వు బ్యాంకు ప్రకటన చివర్లో ఉండే మాట చదివి వినిపించమని బ్రాంచిలకు చెప్పు. ఈ చర్య నిబంధనల పాటింపులో లోపాల గురించే గానీ ఖాతాదారులతో బ్యాంకు లావాదేవీల చెల్లుబాటు మీద తీర్పు కాదని రిజర్వు బ్యాంకు జరిమానా ప్రకటనల్లో రాస్తుంది. జరిమానాకూ మారటోరియానికీ తేడా తెలియక జనం క్యూ కట్టడం మంచిది కాదు.

ఇక చివరగా కేవైసీ. నిబంధన పేరు చెప్పి బీదవాళ్ల ఖాతాలు స్తంభింపజేయడాన్ని కాంప్లయన్స్ అనుకునేవాళ్లు ప్రతి బ్యాంకులో ఉన్నారు. వేలిముద్రలు అరిగిపోయిన ముసలమ్మకు ఆధార్ సరిపోలలేదని పింఛను ఆపేస్తారు. నిబంధనలో అలా చెయ్యమని లేదు. కేవైసీ మళ్లీ ఇవ్వాల్సిన గడువుకు ముందు కనీసం మూడుసార్లు, గడువు దాటాక మూడుసార్లు తెలియజేయాలనీ, ఆ రెండు విడతల్లోనూ ఒక్కసారైనా ఉత్తరం రాయాలనీ 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. ఊళ్లోని బిజినెస్ కరస్పాండెంట్ దగ్గర కూడా కాగితాలు ఇవ్వొచ్చని చెప్పింది. నువ్వు ఆ సీట్లో కూర్చున్నావు కాబట్టి ముందు మీ జోన్‌లో కేవైసీ గడువు పేరుతో ఆపిన ఖాతాల జాబితా తెప్పించు. అందులో పింఛన్లు, ఉపాధి హామీ కూలీ పడేవి విడదీయి. వాళ్లకు ఉత్తరాలు నిజంగా వెళ్లాయో లేదో డిస్పాచ్ రిజిస్టర్‌తో సరిచూడు. వెళ్లనివాటి పేర్లు బ్రాంచిల వారీగా రాసి పంపు, ఏ తేదీకల్లా తెరుస్తారో జవాబు అడుగు. ఆ తేదీ దాటాక ఏదో ఒక బ్రాంచికి నువ్వే బస్సెక్కి వెళ్లి చూడు.

ఆశీస్సులతో,
పెదనాన్న